హెడ్‌ఫోన్ కొనేముందు మిద్దె మీద శబ్దం ఏదో చూసుకోండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో గ్యాడ్జెట్ల గురించి వచ్చినప్పుడల్లా నేను ముందు చూసేది హెడ్‌ఫోన్లే. పాటల పిచ్చి ఉండి కాదు, పక్కింటి గోల వినపడకుండా ఉంటే చాలని. మా వీధిలో ఇంకా చాలామంది దీనికోసమే నాయిస్ క్యాన్సలింగ్ హెడ్‌ఫోన్లు కొంటా ఉన్నారు, ఒక్కోరు పదివేలు, పాతికవేలు కూడా పెడతా ఉన్నారు. కానీ రివ్యూల్లో ఎప్పుడు చూసినా బ్యాటరీ ఎన్ని గంటలు వస్తాది, బాస్ ఎట్ల ఉంది, ఏమేం కలర్లు ఉన్నాయి, ఇదే రాస్తారు. ఇంట్లో కూర్చున్న మనిషికి పక్కింటి శబ్దాల్లో ఏది ఆగుతాది ఏది ఆగదు అనేది మాత్రం ఎవురూ సరిగ్గా చెప్పరు. అందుకే ఈ ఉత్తరం రాస్తా ఉన్నా, కొంచెం పెద్దదైనా వేసుకోండి.

మాది తిరుపతి బైరాగిపట్టెడ. గోడకి గోడ ఆనుకుని కట్టిన ఇండ్లు, కింద ఒకరు, మిద్దె మీద బాడుగకి ఇంకొకరు. నేను రాత్రిపూట ఇంట్లోనే కంప్యూటర్ ముందర కూర్చుని అమెరికా వాళ్లకి మెడికల్ బిల్లింగ్ పని చేస్తాను, తెల్లారి ఆరింటికి పడుకుంటాను. సరిగ్గా అప్పుడే మిద్దె మీద గ్రైండర్ వేస్తారు, పక్కింట్లో బోరు మోటార్ ఆన్ అవుతాది, ఎదురింట్లో టీవీ ఫుల్ సౌండు, ఇంకోపక్క పిల్లోళ్లు స్కూలుకి మెట్ల మీద దడదడా దిగుతా ఉంటారు. వాళ్లెవరూ చెడ్డోళ్లు కాదు, ఎవురి పని వాళ్లు చేసుకుంటా ఉన్నారు అంతే. కానీ నాకు నిద్ర లేకపోతే రాత్రి ఒక కోడ్ తప్పు పడినా క్లెయిమ్ తిరిగొచ్చేస్తాది. ఈ ఊర్లో నాలాంటోళ్లు తక్కువేం లేరు, ఘాట్ రోడ్డులో రాత్రి బస్సు నడిపి వచ్చేవాళ్లు, రుయా ఆస్పత్రిలో నైట్ డ్యూటీ చేసే నర్సమ్మలు, కొండమీద రాత్రి షిఫ్టు దిగి వచ్చేవాళ్లు, ఇంక గ్రూప్స్‌కి చదివే పిల్లలైతే వీధికి పదిమంది.

మా తమ్ముడు బెంగళూరు నుంచి వచ్చినప్పుడు వాడి హెడ్‌ఫోన్, చెవి మొత్తం మూసే రకం, కొన్నాళ్లు నా దగ్గర ఉంచి పోయినాడు. పాట ఏమీ పెట్టకుండా ఉత్త నాయిస్ క్యాన్సలింగ్ ఒకటే ఆన్ చేసి మంచం మీద కూర్చున్నాను. మిద్దె మీద గ్రైండర్ గుయ్యిమనే మోత దాదాపు పోయింది, పక్కింటి బోరు మోటార్ కూడా పోయింది, మా ఫ్యాను తిరగతా ఉందా లేదా అని తలెత్తి చూసుకోవాల్సి వచ్చింది. కానీ ఆ అక్క పిండి తోసేటప్పుడు స్టీలు గరిటె డ్రమ్ముకి తగిలే టంగు టంగుమనే శబ్దం మటుకు అట్లనే వినపడింది. ఇంకోటి నేను అస్సలు ఊహించంది, మోటార్ల మోత పోయేసరికి ఎదురింటి టీవీలో మాటలు ముందుకన్నా స్పష్టంగా చెవిలో పడినాయి! అంతకుముందు ఆ మాటలు ఆ మోత కింద అణిగిపోయి ఉన్నాయి, పైన మూత తీసేసరికి బయటపడినాయి.

ఇది ఆ హెడ్‌ఫోన్ తప్పు కాదు, ఆ టెక్నాలజీ పనిచేసే తీరే అది. హెడ్‌ఫోన్ మీద ఉండే చిన్న మైకులు బయటి శబ్దాన్ని పట్టుకుంటాయి, లోపల ఉండే చిప్ దానికి సరిగ్గా తిరగేసిన అలని తయారుచేసి స్పీకర్లో వదుల్తాది, గుట్టలో మట్టి తీసి గుంతలో పోస్తే నేల సమం అయినట్టు రెండూ కలిసి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. మోటార్ లాంటి శబ్దం మందంగా, ఒకే తీరుగా వస్తాది. అట్లాంటి 100 హెర్ట్జ్ శబ్దం, అంటే సెకనుకి వందసార్లు ఊగే శబ్దం, అల పొడవు మూడు మీటర్ల పైనే, కాబట్టి తిరగేసిన అల కాస్త అటూఇటూ అయినా పని జరుగుతాది. అదే గరిటె మోతలో ఉండే 4000 హెర్ట్జ్ లాంటి కీచు శబ్దానికి అల పొడవు ఎనిమిది సెంటీమీటర్లు కొంచెం ఎక్కువ, అంతే. రవ్వంత తేడా వచ్చినా రెండు అలలూ కలవవు. అందుకే గట్టిగా మాట్లాడుకోవడం, కుక్క అరుపు, పసిపిల్లల ఏడుపు, గిన్నెల మోత, తలుపు దబ్బున వేసుకోవడం, ఇట్లా ఉన్నట్టుండి వచ్చే శబ్దాల మీద ఈ టెక్నాలజీ పెద్దగా పనిచేయదు. అసలు ఈ టెక్నాలజీ హెడ్‌ఫోన్లలోకి వచ్చిందే విమానాల కోసం. జర్మనీకి చెందిన పాల్ లూయెగ్‌కి ఈ ఐడియా మీద అమెరికాలో 1936లోనే పేటెంట్ వచ్చింది, 1978లో బోస్ ఆడియో కంపెనీ పెట్టిన అమర్ బోస్ విమానంలో పోతా ఇంజిన్ మోతకి విసిగిపోయి అక్కడే లెక్కలు వేయడం మొదలుపెట్టినాడు, ఆయన తండ్రి మన బెంగాల్ నుంచి పోయిన స్వాతంత్ర్య పోరాట మనిషి. 1989లో ఆయన కంపెనీ పైలట్లకి హెడ్‌సెట్ అమ్మింది. అంటే గంటల తరబడి ఒకే తీరుగా వచ్చే ఇంజిన్ మోతకి కనిపెట్టిన వస్తువుని మనం మిద్దె మీద పిల్లోళ్ల మీద ప్రయోగిస్తా ఉన్నాం.

కాబట్టి కొనాలనుకునే వాళ్లకి నేను చెప్పేది ఒకటే, షాపుకి పోకముందు మీ ఇంట్లో రెండు రోజులు చెవులు పెట్టి వినండి. మీ నిద్ర పాడుచేసేది ఏసీ కంప్రెసర్ మోతా, జనరేటరా, రోడ్డు మీద బండ్ల రొదా? అయితే డబ్బులు పెట్టండి, పెట్టినదానికి ఫలితం కనపడతాది. మాటలూ అరుపులూ అయితే మాత్రం చిప్ కన్నా ముందు చెవి చుట్టూ ఉండే మెత్త చూడండి, ఎందుకంటే కీచు శబ్దాల్ని ఆపేది ఆ మెత్తే, కరెంటు కాదు. మెత్త చెవి చుట్టూ సందు లేకుండా కూర్చోవాల. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లకి కాడ దగ్గర సందు పడతాది, ఆ సందులోంచి శబ్దం లోపలికి వచ్చేస్తాది, కాబట్టి అద్దాలతోనే పెట్టుకుని చూడండి. ఇయర్‌బడ్స్ అయితే డబ్బాలో మూడు నాలుగు సైజుల రబ్బరు మూతలు ఇస్తారు, చాలామంది మొదట తగిలించి వచ్చిందే వాడేస్తారు. రెండు చెవులకీ ఒకే సైజు సరిపోవాలని కూడా లేదు.

ఇంకొకటి గట్టిగా చెప్పాల్సింది ఉంది. తక్కువ రేటు ఇయర్‌బడ్స్ డబ్బాల మీద ఈఎన్‌సీ అని పెద్ద అక్షరాలతో ఉంటాది. అది మీరు ఫోన్ మాట్లాడేటప్పుడు అవతలి వాళ్లకి మీ వెనకాల గోల వినపడకుండా చేసేది. మీ చెవిలో పడే శబ్దాన్ని అది ఒక్క పిసరు కూడా తగ్గించదు. మీకు కావాల్సింది ఏఎన్‌సీ, అంటే యాక్టివ్ నాయిస్ క్యాన్సలింగ్, నేను పైన చెప్పిన మైకు, చిప్ పద్ధతి. షాపుల్లో ఈ తేడా అడిగితే రెండూ ఒకటేనమ్మా అని చెప్పినవాళ్లను నేను చూసినాను, చదువుకునే పిల్లలు దాచుకున్న డబ్బులు ఇట్లా పోతా ఉంటే బాధగా ఉంటాది. డబ్బా మీద శబ్దం "50 డెసిబెల్స్ వరకు" తగ్గుతాది అని ఉంటే ఆ "వరకు" అనేది కూడా చూడండి, బాగా తగ్గే ఏదో ఒక మందపు శబ్దం దగ్గర వచ్చిన లెక్క అది, అన్ని శబ్దాలకీ కాదు.

డబ్బులు లేనివాళ్లు అస్సలు దిగులు పడాల్సిన పనిలేదు. మెడికల్ షాపుల్లో, ఆన్‌లైన్లో ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ దొరుకుతాయి, ఫ్యాక్టరీల్లో వాడేవే, చానా చవక. సరిగ్గా పెట్టుకుంటే మాటల మీద చాలా హెడ్‌ఫోన్ల కన్నా బాగా పనిచేస్తాయి. పెట్టుకునే తీరు ముఖ్యం: రెండు వేళ్లతో సన్నంగా చుట్టాల, ఇంకో చేత్తో తల వెనకనుంచి చెవిని పైకి కొంచెం వెనక్కి లాగి పట్టుకోవాల, అప్పుడు లోపలికి పెట్టి అది ఉబ్బేదాకా వేలు తీయకూడదు. ఉత్తగా చెవి మొదట్లో కుక్కితే సగం కూడా పనిచేయదు. పక్కకి తిరిగి పడుకునేవాళ్లకి పెద్ద హెడ్‌ఫోన్ ఒత్తుకుంటాది కాబట్టి నిద్రకైతే నేను ఇవే వాడతాను, రాత్రి పనికి మటుకు హెడ్‌ఫోన్. మన ఊరి ఎండల్లో మే నెలలో చెవి మొత్తం మూసే హెడ్‌ఫోన్ పెట్టుకుంటే చెమటకి మెత్త తడిసిపోతాది, కాబట్టి మెత్తలు విడిగా దొరికే మోడలే తీసుకోండి.

గోల వినపడకూడదని సౌండ్ పెంచేస్తా పోవద్దు. వారానికి 40 గంటలు వినేవాళ్లు 80 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తాది. క్యాన్సలింగ్ ఆన్ చేసి సన్నగా వాన చప్పుడు పెట్టుకుంటే మిగిలిన మాటలు అందులో కలిసిపోతాయి. కొందరికి క్యాన్సలింగ్ ఆన్ చేస్తే చెవుల్లో ఏదో ఒత్తినట్టు, తల తిరిగినట్టు ఉంటాది, అందుకే పెట్టుకుని చూడకుండా కొనద్దు. ఇంట్లో పెద్దోళ్లు ఉన్నా, పొయ్యి మీద కుక్కర్ ఉన్నా బయటి శబ్దం లోపలికి వినిపించే మోడ్ ఉందో లేదో కూడా చూసుకోండి.

ఏ హెడ్‌ఫోనూ పూర్తిగా ఆపలేంది ఒకటి ఉంది, మిద్దె మీద కుర్చీ ఈడ్చడం, మడమలు కొట్టుకుంటా నడవడం, పక్కగదిలో హోమ్ థియేటర్ వూఫర్ దడ. అవి స్లాబులోంచి గోడలోంచి వచ్చి మంచానికి, మంచం నుంచి ఒంటికి తగులుతాయి, చెవి మూస్తే పూర్తిగా ఆగేవి కావు. వాటికి మందు శబ్దం పుట్టే చోటే వేయాల. నేను మిద్దె మీదికి పోయి "అక్కా, నేను రాత్రంతా పనిచేసి పొద్దున పడుకుంటాను, గ్రైండర్ కింద ఈ రబ్బరు మ్యాట్ వేసుకుంటావా, కుర్చీ కాళ్లకి ఈ బుష్‌లు తొడుగుతావా" అని నేనే కొని ఇచ్చినాను. ఆయమ్మ "అయ్యో ముందే చెప్పకూడదా పాపా, కిందికి వినపడతాదని మాకేం తెలుసు" అనింది. ఇప్పుడు కుర్చీ మోత లేదు. ఆ బుష్‌ల ఖర్చు ఇయర్‌బడ్స్ డబ్బా ఖర్చులో పదో వంతు కూడా లేదు.

అందరూ అట్ల ఉండరు, అది కూడా నాకు తెలుసు. అడిగితే ఇంకా పెంచేవాళ్లు ఉన్నారు, బాడుగ ఇంట్లో ఉండేవాళ్లు ఓనరుతో తగువెందుకని నోరు మూసుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లకి రూల్స్ తెలియాల. 2000లో కేంద్రం తెచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇండ్లు ఉండే ఏరియాలో పొద్దున 6 నుంచి రాత్రి 10 దాకా 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా 45 డెసిబెల్సే లిమిట్. సొంత ఇంట్లో పెట్టుకున్న సౌండ్ సిస్టమ్ అయినా సరే ఇంటి హద్దు దగ్గర ఆ ఏరియా లిమిట్ కన్నా 5 డెసిబెల్స్ మించి పోకూడదు. లిమిట్ కన్నా 10 డెసిబెల్స్ గానీ అంతకుమించి గానీ ఎక్కువ ఉంటే ఎవరైనా కంప్లయింట్ ఇవ్వచ్చు, రాత్రిపూట అయితే 112కి ఫోన్ చేయచ్చు. ఆస్పత్రులు, స్కూళ్లు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు సైలెన్స్ జోన్ అని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించచ్చు. పండగలకి రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులు మించకుండా రాత్రి 12 దాకా మైకులకి పర్మిషన్ ఇవ్వచ్చు, అది కూడా ఆ రూల్స్‌లోనే ఉంది. గంగమ్మ జాతర వారం రోజులు పలకలు మోగితే నాకేమీ కోపం లేదు, అది ఊరంతటి పండగ, నేను కూడా పొంగలి పెట్టేదాన్నే. నా బాధ మిగిలిన రోజుల గురించి. శబ్దం చేసేవాడికి రూపాయి ఖర్చు లేదు, నిద్ర కావాల్సినవాడు పాతికవేలు పెట్టి చెవులు మూసుకోవాల, ఇది నాకు న్యాయంగా అనిపించదు. పగటిపూట 55 ఉండచ్చు కాబట్టి పొద్దున పడుకునే మాలాంటోళ్లకి ఆ రూల్స్ కూడా తక్కువే పనికొస్తాయి, అందుకే హెడ్‌ఫోన్ గురించి ఇంత రాయాల్సి వచ్చింది.

మీకు నా మనవి, ఈసారి హెడ్‌ఫోన్ల గురించి వేసేటప్పుడు మీ రిపోర్టర్ని ఒక మామూలు ఇంట్లో కూర్చోబెట్టండి. మిక్సీ వేసి ఒకసారి, పక్కగదిలో టీవీ వార్తలు పెట్టి ఒకసారి, పైన కుర్చీ ఈడ్పించి ఒకసారి వినమనండి, ఏది ఎంత తగ్గిందో ఆ మూడూ విడివిడిగా రాయమనండి. షాపుల వాళ్లకి కూడా చెప్పేది, హెడ్‌ఫోన్ చేతికిచ్చి వెంటనే పాట పెట్టద్దు, పాట పెడితే ఏ హెడ్‌ఫోన్ అయినా బాగానే ఉన్నట్టు అనిపిస్తాది. పాట ఆపి, కౌంటర్ దగ్గర ఇద్దరు మాట్లాడుతా ఉంటే కస్టమర్‌ని ఐదు నిమిషాలు ఊరికే పెట్టుకుని నిలబడనివ్వండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బైరాగిపట్టెడ, తిరుపతి