బొర్గుండ్ చర్చిని నిలిపింది అడుగు దూలం

సంపాదకులకు నమస్కారం.

ఐరోపా పల్లెల్లోని పాత చర్చిలపై మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. అందులో నార్వేలోని బొర్గుండ్ చర్చి ఫొటో కింద, 800 ఏళ్లుగా కొయ్య కట్టడం నిలిచి ఉండడం అంతుపట్టని అద్భుతమని రాశారు. రెండేళ్ల కిందట ఆ చర్చిని చూసి వచ్చిన నాకు, ఆ ఒక్క మాట వడ్రంగుల తెలివిని మరుగుపరచినట్లు అనిపించింది.

లార్దాల్ లోయలో 1180 ప్రాంతంలో ఈ చర్చిని కట్టారు. అంతకుముందు ఆ దేశంలో చర్చి స్తంభాలను నేరుగా భూమిలో పాతేవారు. తడికి మొదళ్లు కుళ్లి అవి ఎంతోకాలం నిలిచేవి కావు. తరువాతి వడ్రంగులు రాళ్ల పునాది మీద బరువైన దూలాలను పరచి, స్తంభాలను ఆ దూలాలపై నిలబెట్టి, గోడ పలకల అడుగు అంచులను దూలంలో తొలిచిన గాడిలోకి దింపారు. కొయ్యకు మట్టి తగలకుండా చేసిన ఈ ఏర్పాటే అసలు రహస్యం. అక్కడివారు ఆ స్తంభాన్ని 'స్తావ్' అంటారు, ఈ తరహా చర్చిలకు పేరు కూడా దానివల్లే వచ్చింది.

లోపల కిటికీలు లేవనే చెప్పాలి. పైనున్న చిన్న గుండ్రని రంధ్రాల వెలుతురులో, స్తంభాల మధ్య ఇంటూ గుర్తులా బిగించిన అడ్డకొయ్యలు కనబడడానికి నాకు కొన్ని నిమిషాలు పట్టింది. బయట చేప పొలుసుల్లా పరచిన చెక్క పలకల కప్పులు ఒకదానిపై ఒకటిగా లేచి, డ్రాగన్ తలలతో ముగుస్తాయి. ఎండ పడుతున్న గోడపై చేయి ఆనిస్తే తారు వాసన అంటుకుంది. పైన్ కొయ్యను కాల్చి తీసే ఆ తారును నేటికీ పూస్తూనే ఉన్నారు.

ఇంత చేసినా వానకంటే చట్టమే వీటికి పెద్ద గండమైంది. ఊరి జనాభాలో పదింట మూడు వంతుల మందికి చర్చిలో చోటుండాలని 1851లో శాసనం రావడంతో, ఇరుకైన పాత చర్చిలను ఎన్నింటినో కూల్చేశారు. బొర్గుండ్‌లో 1868లో కొత్త చర్చిని పక్కనే కట్టుకున్నారు. పాతదాన్ని 1877లో ప్రాచీన కట్టడాల పరిరక్షణ సంఘం తీసుకుంది. నార్వేలో ఇప్పుడు మిగిలినవి 28 మాత్రమే.

ఈ చర్చి గురించి మళ్లీ రాసే సందర్భం వస్తే, డ్రాగన్ తలల ఫొటోతో పాటు ఆ అడుగు దూలాన్ని దగ్గరగా చూపే ఫొటో కూడా వేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, విజయవాడ