2023లో నన్ను వదలని పాటలు

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. ఈ ఏడాది తెలుగులో వినదగ్గ ఆల్బమ్‌లు ఏమిటో రాయమన్నావు. మార్కులు, ర్యాంకులు అడగకు, అవి నా వల్ల కావు. మొదటిది ఏదో మాత్రం క్షణం ఆలోచించకుండా చెబుతాను: ‘బలగం’. తక్కినవన్నీ దాని తర్వాతే.

ఆస్కార్ సంగతి ఎత్తకుండా ముందుకు వెళితే నువ్వు ఊరుకోవు కనుక అది ముందే చెప్పేస్తాను. మార్చిలో లాస్ ఏంజెలెస్ వేదిక మీద రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ ‘నాటు నాటు’ పాడుతున్నప్పుడు, కీరవాణి, చంద్రబోస్ ఆ బహుమతి అందుకున్నప్పుడు ఒళ్లు పులకరించింది. తెలుగు మాటలు అంత దూరం వెళ్లడం మన తరం చూసింది, అది చాలు. అయితే ‘ఆర్ఆర్ఆర్’ నిరుటి సినిమా. అందులోనూ నేను మళ్లీ మళ్లీ వినేది సుద్దాల అశోక్ తేజ రాసిన ‘కొమురం భీముడో’. దాన్ని ఈ ఏటి లెక్కలో కలపను.

ఇక ‘బలగం’. వేణు యెల్దండికి దర్శకుడిగా తొలి సినిమా. మార్చి 3న వచ్చింది. సంగీతం భీమ్స్ సిసిరోలియో, పాటలు కాసర్ల శ్యామ్. ‘ఊరు పల్లెటూరు’ను రామ్ మిర్యాల, మంగ్లి పాడారు. పల్లెను పొగిడే పాటలు మనకు కొత్త కాదు కదా. చాలావాటిలో పల్లె అంటే పచ్చని పైరు, ముగ్గులు, గుడి గంట. సెలవులకు వచ్చి చూసి వెళ్లేవాడికి కనిపించే పల్లె. ఇందులో పల్లె కోడికూతతో ఒళ్లు విరుచుకుని లేస్తుంది, పనిలో పడుతుంది. ఊరిని అమ్మతో పోల్చి, కొంగులో దాచి కొడుక్కి ఇచ్చే ప్రేమ గురించి శ్యామ్ రాసిన మాట దగ్గర మంగ్లి గొంతు ఎంత మెత్తబడుతుందో గమనించు. ఆ గొంతుకు హుషారు పాటలే నప్పుతాయని అనేవాళ్లకు ఆ ఒక్క చోటు వినిపిస్తే చాలు.

కానీ నేను ‘బలగం’ పేరు ముందు చెప్పింది ఈ పాట కోసం కాదు. చివర్లో మొగిలయ్య, కొమురమ్మ పాడే ‘తోడుగా మా తోడుండి’ కోసం. కథ నీకు తెలుసు: తాత కొమురయ్య పోయాడు, పిండాన్ని కాకి ముట్టడం లేదు, పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. పదకొండో రోజున బుడగ జంగాల కళాకారులు వచ్చి పోయినవాడి బతుకును పాటగా చెబుతారు. వరంగల్ జిల్లాకు చెందిన ఈ భార్యాభర్తలకు సినిమా కోసం నేర్చుకున్న విద్య కాదది. బతుకంతా చేసిన పని. ఆయన మాట విడిచిన చోట ఆమె అందుకుంటుంది, ఆమె రాగం తీసి నిలిపిన చోట ఆయన కథను ముందుకు నడుపుతాడు. మధ్యలో ఊపిరి పీల్చుకున్న చప్పుడు కూడా వినిపిస్తుంది. ఇంకో సంగీత దర్శకుడైతే ఆ చోట వయొలిన్లతో నింపేసేవాడు. భీమ్స్ పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు. ఈ ఏడాది సంగీత దర్శకులు చేసిన పనులన్నింటిలో నాకు బాగా నచ్చింది ఇదే: ఎక్కడ ఊరుకోవాలో తెలియడం. తెలంగాణ పల్లెల్లో ఊరి మధ్య తెర కట్టుకుని అందరూ కలిసి ఈ సినిమా చూసి ఏడ్చారంటే అందులో సగం పుణ్యం ఆ రెండు గొంతులదే.

అదే నెల 30న ‘దసరా’ వచ్చింది. సంతోష్ నారాయణన్ తమిళుడైనా సింగరేణి నేల మీద నడిచే ఈ కథకు ఆ నేల గొంతులనే వెతికి పట్టుకున్నాడు. ‘ధూం ధాం దోస్తాన్’లో రాహుల్ సిప్లిగంజ్ పక్కన కనకవ్వ, నర్సమ్మ వంటి జానపద గాయనులు ఉన్నారు. పెద్ద హీరో సినిమాలో వాళ్లను వెనక వంతకు పరిమితం చేయకుండా ముందుకు తెచ్చినందుకు ఆయనకు దండం పెట్టాలి. ‘చమ్కీల అంగీలేసి’ నువ్వు పెళ్లిళ్లలో వినీ వినీ విసిగిపోయి ఉంటావు. ఒకసారి ఆ హడావిడి లేకుండా ఇంట్లో కూర్చుని విను. తాగి వచ్చే మొగుడి మీద పెళ్లాం చెప్పుకునే ఫిర్యాదు అది. కాసర్ల శ్యామ్ ఈ ఏడాది ఒకే కలంతో ఊరి పాట, ఈ కాపురం పాట రెండూ రాశాడు. రెండింట్లోనూ ఒక్క మాట పుస్తకంలోంచి తెచ్చినట్టు ఉండదు.

‘హాయ్ నాన్న’ డిసెంబర్ 7న వచ్చింది కనుక ఇంకా తాజాగా ఉంది. ‘హృదయం’ అనే మలయాళ సినిమా పాటలు నీకు పంపాను, గుర్తుందా? దీనికీ సంగీతం ఆ పాటలు కట్టిన హేషమ్ అబ్దుల్ వహాబే. సెప్టెంబర్‌లో వచ్చిన ‘ఖుషి’ కూడా ఆయనదే. అందులో మణిరత్నం సినిమాల పేర్లు అల్లి దర్శకుడు శివ నిర్వాణ రాసిన ‘నా రోజా నువ్వే’ సరదాగా ఉంటుంది. కానీ రెండూ పక్కపక్కన పెడితే నేను ‘హాయ్ నాన్న’ వైపే ఉంటాను. ‘సమయమా’ అనంత శ్రీరామ్ రచన. అనురాగ్ కులకర్ణి ఎక్కడా గొంతు పెంచడు. సితార కృష్ణకుమార్ వచ్చి చేరాక కూడా పాట వేగం మారదు, లోతు మారుతుంది. ‘గాజు బొమ్మ’ హేషమ్ స్వయంగా పాడాడు. జబ్బుతో ఉన్న చిన్నపిల్లను గుండెకు హత్తుకున్న తండ్రి పాట అది. ఆడపిల్ల తండ్రివి, రాత్రిపూట ఒంటరిగా వినకు.

‘బేబీ’ కథ మీద నాకు అభ్యంతరాలున్నాయి, వాటిని ఫోనులో చెబుతాను. విజయ్ బుల్గానిన్ సంగీతం మీద మాత్రం ఒక్కటీ లేదు. శ్రీరామచంద్ర పాడిన ‘ఓ రెండు ప్రేమ మేఘాలిలా’ వర్షాకాలమంతా ఆటోల్లో, టీ కొట్ల దగ్గర, మా పక్కింటి డాబా మీద మోగుతూనే ఉంది. ‘సార్’లో శ్వేతా మోహన్ పాడిన ‘మాస్టారూ మాస్టారూ’ కూడా వదలకు. సంక్రాంతికి వచ్చిన పెద్ద సినిమాల పాటలు పండుగ వెళ్లగానే వెళ్లిపోయాయి, నా వరకైతే.

ఒక్క కోపం ఉంది, అది కూడా నీకే చెప్పాలి. సినిమాకు నెలల ముందు నుంచి ఒక్కో పాటను విడివిడిగా వదలడం. చివరి పాట వచ్చేసరికి మొదటి పాట పాతబడిపోతుంది. క్యాసెట్ రోజుల్లో అయిదు పాటలూ వరసగా విని, మొదట నచ్చని నాలుగో పాట నెల తర్వాత ప్రాణమయ్యేది. ఆ అవకాశమే లేకుండా చేస్తున్నారు. అందుకే నేను సినిమా విడుదలయ్యాక పాటలన్నీ ఒకచోట పెట్టుకుని మళ్లీ మొదటి నుంచి వింటాను. నువ్వూ అలాగే విను.

‘రంగమార్తాండ’ గురించి ఎక్కువ రాయలేను. ఉగాదికి వచ్చింది, ఇళయరాజా సంగీతం. 2021 నవంబర్‌లో మనల్ని విడిచి వెళ్లిన సీతారామశాస్త్రి గారి కలం అందులో ఇంకా పలుకుతూ ఉంటే పాటను పాటగా వినడం కష్టమైంది. అసలు ఈ ఏడాది మొదలవడమే అలా మొదలైంది. ఫిబ్రవరి 2న దర్శకుడు కె. విశ్వనాథ్ గారు పోయారు. 1980లో ఆయన ‘శంకరాభరణం’ విడుదలైన తేదీ కూడా అదే. రెండు రోజులకు గాయని వాణీ జయరాం. ఆ వారం కొత్త పాట ఒక్కటీ వినలేదు, ఆయన తీసిన ‘స్వాతి కిరణం’లో ఆమె పాడిన ‘ఆనతినీయరా’ తప్ప ఇంట్లో ఇంకేమీ మోగలేదు.

‘విరూపాక్ష’లో కార్తీక్ పాడిన ‘నచ్చావులే’ నీ జాబితాలో ఉంటుందని నాకు తెలుసు, దాని మీద పోట్లాడను. ‘బలగం’ మాత్రం నీ జాబితాలో రెండో స్థానంలో కనబడితే సంక్రాంతికి నువ్వు వచ్చినప్పుడు తేల్చుకుందాం. చెల్లెమ్మకు, పాపకు నా ఆశీస్సులు. అమ్మగారికి నమస్కారాలు చెప్పు.

నీ
పాటల పిచ్చి నేస్తం