కెమెరా కొలతలు బయటి మెకానిక్‌లకూ ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

విజయవాడ ఆటోనగర్‌లో మాది కార్ల అద్దాలు మార్చే, వీల్ అలైన్‌మెంట్ చేసే షెడ్డు. ఒకప్పుడు ఖరీదైన కార్లకే ఉండే అడాస్ (ప్రమాదాలు తప్పించేలా డ్రైవర్‌కు సాయపడే ఏర్పాటు) ఇప్పుడు పది పదిహేను లక్షల బండ్లలోకీ వచ్చేసింది. ముందు అద్దం పైభాగంలో కెమెరా, చాలా బండ్లకు బంపర్ వెనక రాడార్ కూడా. ఎదుటి బండి ఆగితే కారు తనంతట తానే బ్రేక్ వేసేది వీటిని నమ్ముకునే.

అద్దం మార్చినా, బంపర్ విప్పి బిగించినా, కొన్ని మోడళ్లలో అలైన్‌మెంట్ చేసినా కాలిబ్రేషన్, అంటే కెమెరా, రాడార్ల గురి సరిచేయడం, మళ్లీ చేయాల్సి వస్తుంది. గురి ఒక్క డిగ్రీ పక్కకు పోతే వంద మీటర్ల దూరంలో తేడా సుమారు 1.75 మీటర్లు. మన హైవే లేను వెడల్పే 3.5 మీటర్లు. పక్క లేనులో పోయే లారీ మన ముందే ఉన్నట్టు లెక్క రావచ్చు.

ఈ పని మాకు చేతకానిదేమీ కాదు. చదునైన నేల, సరిగ్గా గాలి ఉన్న టైర్లు, బండి కంప్యూటర్‌కు తగిలించే స్కానర్, బండికి ఎదురుగా కొలిచి నిలబెట్టిన, గుర్తులు గీసిన టార్గెట్ బోర్డు ఉండాలి. కొన్ని బండ్లకు బోర్డు అక్కర్లేదు, గీతలు స్పష్టంగా ఉన్న రోడ్డు మీద చెప్పిన స్పీడులో నడపాలి. కొన్నింటికి రెండూ చేయాలి. ఏ బండికి ఏది? బోర్డు ఎంత దూరంలో, ఎంత ఎత్తులో పెట్టాలి? ఆ పేజీలే మాకు దొరకవు. కంపెనీ లాగిన్ ఉన్న సర్వీస్ సెంటర్‌కే అవి కనిపిస్తాయి. మా కుర్రాళ్లు వాట్సాప్ గ్రూపుల్లో ఫొటోలు వెతుక్కుంటున్నారు. మొన్న ఒక ఎస్‌యూవీకి దొరికిన పేజీ విదేశీ మోడల్‌ది. కారు పేరు అదే, కెమెరా పార్ట్ నంబరు వేరు. ఆ కొలతలతో చేయనని చెప్పి బండిని సర్వీస్ సెంటర్‌కు పంపితే, అక్కడ వారం తర్వాత రమ్మన్నారట. "డాష్‌బోర్డు మీద లైటేమీ వెలగట్లేదుగా, పర్లేదులే" అంటూ బండి ఓనరు పిల్లలతో అదే కారులో ఊరెళ్లారు. లైటు వెలగకపోయినా గురి తప్పి ఉండొచ్చు. నాకు మాత్రం ఆయన తిరిగొచ్చేదాకా టెన్షనే.

2014లోనే కాంపిటీషన్ కమిషన్ (మార్కెట్లో పోటీ సరిగ్గా ఉండేలా చూసే కేంద్ర సంస్థ) 14 కార్ల కంపెనీలకు రూ.2,544 కోట్ల జరిమానా వేసి, విడిభాగాలు, డయాగ్నస్టిక్ టూల్స్ బయటి గ్యారేజీలకూ అందాలని చెప్పింది. కంపెనీలు రిపేరు సమాచారం పెట్టేందుకు 2022లో కేంద్రం తెచ్చిన రైట్ టు రిపేర్ పోర్టల్‌లో వాహనాలూ ఉన్నాయి. ఐరోపాలో రిపేరు సమాచారాన్ని న్యాయమైన ఫీజుకు బయటి మెకానిక్‌లకు ఇవ్వాలని చట్టమే ఉంది, ఇప్పుడున్న రూపంలో అది 2020 నుంచి అమలవుతోంది. మేమూ ఉచితంగా అడగడం లేదు. ఛాసిస్ నంబరు కొడితే ఆ బండికి ఏ పని తర్వాత ఏ కాలిబ్రేషన్ చేయాలో కొలతలతో సహా మన రైట్ టు రిపేర్ పోర్టల్‌లోనే రావాలి, రోజు లెక్కన ఫీజు కడతాం. కేంద్ర వినియోగదారుల శాఖ కంపెనీలకు గడువు పెట్టి ఈ పని చేయించాలి. ఇన్సూరెన్స్ సర్వేయర్లు కూడా అద్దం క్లెయిమ్‌లో కాలిబ్రేషన్ ఖర్చును కొట్టేయకుండా, చేసిన రిపోర్టు ప్రింటు అడిగి తీసుకోవాలి.

— ఒక గ్యారేజీ యజమాని, ఆటోనగర్, విజయవాడ