ఉదయం ఏడుకల్లా సిద్ధమయ్యే సైకిల్ దారి

సంపాదకుడు గారికి నమస్కారాలు.

ఫిన్లాండ్‌లో బోత్నియా సింధుశాఖ ఒడ్డున ఉన్న ఔలు నగరంలో మా కుటుంబం ఎనిమిదేళ్లుగా నివసిస్తోంది. రెండు లక్షలకు పైగా జనాభా ఉన్న ఈ ఊళ్లో చలికాలమంతా నేల మంచు కిందే ఉంటుంది. ఉష్ణోగ్రత మైనస్ ఇరవైకి దిగడం ఏటా చూసేదే. అయినా నేను ఆఫీసుకు, మా అమ్మాయి బడికి, మా పక్కింటి డెబ్బై ఏళ్లు దాటిన పెద్దావిడ సరుకులకు సైకిల్ మీదే వెళ్తాం. ఇలాంటి దేశాల పిల్లలు మంచులో సైకిల్ తొక్కే వీడియోలను మనవాళ్లు ఒకరికొకరు పంపుకొని, వాళ్ల ధైర్యానికి ఆశ్చర్యపోవడం చూస్తుంటాను. ఆ ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో మన నగరపాలక సంస్థల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

రాత్రి మంచు కురిసిందంటే తెల్లవారుజామునే మా కిటికీ తెర మీద పసుపు లైటు తిరుగుతుంది. అది సైకిల్ దారి మీద మంచును తోసుకుంటూ పోయే ట్రాక్టర్. ముఖ్యమైన సైకిల్ దారులు ఉదయం ఏడు గంటలకల్లా సిద్ధం కావాలన్నది ఇక్కడి పద్ధతి, ఎందుకంటే ఆ తర్వాతే జనం పనులకూ బడులకూ బయలుదేరుతారు. మంచునంతా నేల కనిపించేదాకా గీకేయరు. కిందిపొరను గట్టిగా అణగనిచ్చి, పళ్లున్న రేకుతో దాని మీద గీతలు పెడతారు. గొర్రు తోలిన చేనులా కనిపించే ఆ గీతల మీద టైరు పట్టు చిక్కించుకుంటుంది. గడ్డకట్టే చలి బాగా ముదిరితే ఉప్పు పనిచేయదు, పైగా బురద చేసి సైకిల్ గొలుసును తినేస్తుంది కాబట్టి, జారే చోట సన్న కంకర చల్లుతారు. వసంతంలో ఆ కంకరను ఊడ్చేస్తారు.

మొదటి ఏడాది నవంబర్‌లో నేను పడిపోయాను. మణికట్టు బెణికి రెండు వారాలు కట్టు కట్టుకున్నాను. ఆ రోజు చలి పెద్దగా లేదు, సున్నాకు అటూఇటూగా ఉంది. అసలు ప్రమాదం ఆ వాతావరణంలోనే ఉందని అప్పుడు తెలిసింది: పగలు కరిగిన నీరు రాత్రికి గాజుపలకలా గడ్డకట్టి, చీకట్లో మామూలు తడి రోడ్డులా కనిపిస్తుంది. మైనస్ పదిహేనులో అణగిన మంచు ఇసుకలా కిరకిరలాడుతూ దానికంటే ఎంతో నమ్మకంగా ఉంటుంది. చిన్న ఇనుప మేకులు దిగగొట్టిన చలికాలపు టైర్లు వేయించుకున్నాక మళ్లీ పడలేదు. ఇక్కడికి చదువుకోవడానికో ఉద్యోగానికో వచ్చే తెలుగువారికి నేను చెప్పేది ఇదే: మందపాటి కోటు ఒక్కటే వేసుకుని చెమట పట్టించుకోకండి, పల్చటి బట్టలు పొరలుపొరలుగా వేసుకోండి, బయలుదేరేటప్పుడు కాస్త చలేసినా ఫరవాలేదు, డబ్బు పెట్టాల్సింది ముందు టైర్లకు, తర్వాత చేతి తొడుగులకు, లైట్లకు.

లైట్ల మాట ఎందుకంటున్నానంటే, డిసెంబర్ చివర ఇక్కడ సూర్యుడు కనిపించేది సుమారు మూడున్నర గంటలే. చీకట్లో ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు ఉండాలన్నది చట్టం. పొద్దున ఎనిమిదింటికి మా అమ్మాయి వెనక లైటు ఆ చీకట్లో నాకు ముందు ఎర్రటి చుక్కలా పోతుంటే నాకు భయం వేయదు, ఎందుకంటే మా ఇంటి నుంచి తన బడిదాకా ఎక్కడా కార్ల మధ్యకు వెళ్లాల్సిన పని లేదు. ఊరంతా కలిపి 900 కిలోమీటర్లకు పైగా నడక, సైకిల్ దారులున్నాయి. పెద్ద రోడ్డు అడ్డొచ్చిన చోట దాని కిందుగా సొరంగదారి ఉంటుంది, అందులోనూ దీపాలు వెలుగుతుంటాయి. చలికాలపు సైక్లింగ్ మీద మొదటి అంతర్జాతీయ సదస్సు 2013లో ఈ ఊళ్లోనే జరగడంలో వింత లేదు.

మన దగ్గర చలి లేదు, ఎండ ఉంది, అందుకే సైకిల్ కుదరదంటారు. ఎండ బాధను నేను తక్కువ చేయను. హైదరాబాద్‌లో 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌కు సౌర ఫలకాల పైకప్పు వేసి, దానికీ మార్గం ఉందని మనవాళ్లే చూపించారు. అయితే ఆ ట్రాక్ ఎక్కువగా వ్యాయామానికి వచ్చేవారికి పనికొస్తోంది, కూలిపనికి సైకిల్ మీద వెళ్లే మనిషి దారిలో అది లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ‘బడికొస్తా’ పథకం కింద తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చారు. చాలా మంచి పని. కానీ ఆ సైకిల్ ఎక్కిన పిల్ల ఇసుక లారీల పక్కన, ఆగిన ఆటోల మధ్య, రోడ్డు మీదికి వచ్చిన దుకాణాల సామాను తప్పించుకుంటూ బడికి చేరాలి. ఆ పిల్ల తల్లికి ఉదయం ఎలా గడుస్తుందో నేను ఊహించగలను.

ఔలులా 900 కిలోమీటర్లు ఇప్పుడే వేయమని నేను అడగడం లేదు. ప్రతి ఉన్నత పాఠశాలకు చేరే ఒక్క దారిని ఎంచుకుని, అక్కడ సైకిళ్లకు విడిగా చోటు కేటాయించి, బడివేళకు ముందే ఆ దారిని ఊడ్చి, ఆగిన బండ్లను తీయించి, దీపాలు వెలిగేలా చూసే బాధ్యతను ఒక అధికారికి పేరుపెట్టి అప్పగించాలి. దారి వేసి వదిలేస్తే ఏడాదిలో అది పార్కింగ్ స్థలమవుతుంది, కాబట్టి రోజువారీ నిర్వహణకు బడ్జెట్‌లో ప్రత్యేకంగా డబ్బు చూపాలి. ముందుగా ఏ బడికి ఎందరు పిల్లలు సైకిల్ మీద వస్తున్నారో లెక్క తీయించి, జూన్‌లో బడులు తెరిచేలోగా ఆ లెక్కను ప్రజల ముందు పెట్టవలసిందిగా రెండు రాష్ట్రాల పురపాలక శాఖలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక తెలుగు పాఠకురాలు,
ఔలు, ఫిన్లాండ్