కాళ్లతో పాటు గుండెనూ చూడమని ఉత్తర్వివ్వండి: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

కండరాల జబ్బున్న పిల్లలకు ఫిజియోథెరపీ చేయడం నా పని. నేల మీద కూర్చున్న పిల్లవాడు లేవాలంటే ముందు మోకాళ్ల మీద, తర్వాత తొడల మీద చేతులు ఆన్చి, తన ఒంటి మీదే తాను పాకినట్టు పైకి లేస్తాడు. పిక్కలు మాత్రం బలిసి, గట్టిగా ఉంటాయి. జన్యులోపం వల్ల కండరాలు క్రమంగా క్షీణించే డుషెన్ మస్క్యులర్ డిస్ట్రోఫీలో మాకు రోజూ కనిపించేది ఇదే. జబ్బు పేరు తెలిసిన రోజు నుంచి ఇంట్లో వాళ్ల దృష్టంతా కాళ్ల మీదే. చాలా చోట్ల డాక్టర్లు కూడా గుండె మాట ఎత్తరు.

ఈ పిల్లల్లో లోపించేది డిస్ట్రోఫిన్ అనే ప్రొటీన్. దాని జన్యువును 1980లలోనే గుర్తించారు. కండర కణం పొరకు లోపలివైపు ఉండే ఈ ప్రొటీన్, కణంలోని పోగులను పొర బయట ఉన్న అల్లికతో కలిపి ఉంచుతుంది. నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసే ఎంజైము కూడా దీన్ని ఆధారం చేసుకునే పొర దగ్గర నిలుస్తుంది. పనిచేసే కండరానికి రక్తం ఎక్కువ కావాలని నాళాలకు కబురు పెట్టేది ఆ నైట్రిక్ ఆక్సైడే. డిస్ట్రోఫిన్ లేకపోతే కబురు సరిగా అందదు. కండరం ముడుచుకుంటున్న కొద్దీ పొర దెబ్బతిని, కాల్షియం లోపలికి చొరబడి, కణాలు చచ్చిపోతాయి. ఇలా పొర దెబ్బతిని కణాలు చచ్చిపోవడం గుండె కండరంలోనూ జరుగుతుంది. కాలికైతే విశ్రాంతి ఇవ్వగలం, గుండెకు ఇవ్వలేం.

ఒంటి కండరాలకూ గుండెకూ ముడిపడి ఉన్నది డిస్ట్రోఫిన్ ఒక్కటే కాదు. పొరలో ఉండే కేవియోలిన్-3 అనే మరో ప్రొటీన్ జన్యువులో తేడా వస్తే కొందరికి కాళ్లూ చేతులూ బలహీనపడతాయి. మరికొందరిలో గుండె లయ తప్పే లాంగ్ క్యూటీ కనిపించింది.

అసలు చిక్కు ఎక్కడుందంటే, గుండె బలహీనపడితే మనకు మెట్లెక్కేటప్పుడు ఆయాసం వస్తుంది. వీల్‌చైర్‌లో ఉన్న పిల్లవాడు మెట్లెక్కడు కదా, ఇక ఎవరికి అనుమానం వస్తుంది? తిండి తగ్గడం, కడుపునొప్పి, వాంతులు, రాత్రి నిద్ర పట్టకపోవడం గుండె వల్లే కావచ్చు. గ్యాస్ మందులిచ్చి పంపేస్తుంటే చూసి కడుపు తరుక్కుపోతుంది. బాధ చెప్పుకున్నాక పరీక్ష చేద్దామనే పద్ధతి ఈ పిల్లల విషయంలో పనికిరాదు.

2018లో వెలువడిన అంతర్జాతీయ వైద్య సూచనలు ఈ మాట స్పష్టంగా చెప్పాయి. జబ్బు తేలినప్పుడే గుండె పరీక్ష, తర్వాత ఏటా ఒకసారి, లక్షణాలు లేకపోయినా పదేళ్ల వయసుకల్లా ఏసీఈ ఇన్హిబిటర్ లాంటి మందు. ఇవి బీపీకి ఎప్పటి నుంచో వాడుతున్న మాత్రలే. జన్యులోపాన్నే సరిచేయాలని చూసే జీన్ థెరపీ కూడా రావాలి, దాని కోసం విడిగా అడుగుతాం. దానికోసం ఎదురుచూస్తూ చేతిలో ఉన్న మాత్రను ఆపకూడదు.

తల్లుల సంగతి కూడా చూడండి. ఈ జన్యులోపం మోసే స్త్రీకి నడకలో ఏ తేడా లేకపోయినా గుండె కండరం దెబ్బతినే ప్రమాదం ఉంది. బిడ్డను ఎత్తి దించే ఆ తల్లికి ఎకో, అంటే గుండె స్కానింగ్, చేయించమని చెప్పేవాళ్లు తక్కువ.

ప్రతి ప్రభుత్వ ఆసుపత్రికీ ఉత్తర్వు వెళ్లేలా చూడండి. మస్క్యులర్ డిస్ట్రోఫీ అని రాసిచ్చే చీటీలోనే మొదటి ఈసీజీ, ఎకో తేదీలు ఉండాలి, తల్లి పేరు మీద కూడా ఒక తేదీ ఉండాలి. ఆ పరీక్షలు, మాత్రలు ఉచితంగా అందాలి.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్టు