రెండు డ్రైవులూ పోయాయన్నారు, పోయింది వైరు

సంపాదకుల వారికి నమస్కారం.

కొత్త ఫోన్ల గురించి వారం వారం మీ పేపర్లో అంత చోటు ఇస్తున్నారు కదా, పాత కంప్యూటర్‌తో కాలం నెట్టుకొస్తున్న మాలాంటి వాళ్ల కోసం కూడా నాలుగు ముక్కలు వేయండని ఈ ఉత్తరం. పోయిన నెల నాకు జరిగింది చెబుతాను, చదివాక వేయాలో వద్దో మీ ఇష్టం.

మాది పెదవాల్తేరు. ఇంట్లో డెస్క్‌టాప్ 2011లో కొన్నది, విండోస్ 7. మైక్రోసాఫ్ట్ వాళ్లు 2020 జనవరిలోనే దానికి సపోర్ట్ ఆపేశారు, మార్చమని అందరూ చెబుతూనే ఉన్నారు, నేను వింటూనే ఉన్నాను. నెట్‌కి ఫోన్ ఉంది, ఇది మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ లెక్కలకీ ఫొటోలకీ మాత్రమే. హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు, 2014 అక్టోబర్ 12 ఆదివారం, కిటికీ అద్దం పగిలి వాన లోపలికి కొట్టి దీని హార్డ్ డిస్క్ పోయింది. కరెంటు వచ్చేదాకా ఆ సంగతే తెలియలేదు. మా అమ్మాయి పెళ్లి ఫొటోల్లో సగం దానితోనే పోయాయి. అప్పుడు బుద్ధొచ్చి రెండు ఎక్స్‌టర్నల్ డ్రైవులు కొన్నాను, ఏడాది తేడాతో. చిన్నదానికి యూఎస్‌బీ వైరు ఒక్కటి చాలు. పెద్దదానికి గోడకి గుచ్చే అడాప్టర్ వేరే ఉంటుంది. ఒకటి పోయినా ఇంకోటి ఉందిలే అన్న ధీమా.

ఒకే వారంలో రెండూ మొండికేశాయి. చిన్నది గుచ్చితే లైటు వెలుగుతుంది, లోపల టిక్ టిక్‌మని కొట్టుకుంటుంది, స్క్రీన్ మీద కనిపించినట్టే కనిపించి మాయమైపోతుంది. పెద్దదానికీ లైటు వస్తుంది గానీ లోపల తిరుగుతున్న చప్పుడే లేదు. టెన్షన్‌తో ఆ రాత్రి నిద్ర పట్టలేదండీ. మా అమ్మ పోవడానికి ముందు నేను రికార్డు చేసుకున్న దంపుళ్ల పాటలు ఆ రెండింట్లో తప్ప ఇంకెక్కడా లేవు, కంప్యూటర్లో చోటు చాలడం లేదని అసలు కాపీ నేనే తీసేశాను.

తెల్లారాక రెండింటినీ వాటి వైర్లతో సహా సంచిలో వేసుకుని ద్వారకానగర్‌లో ఒక షాపుకి వెళ్లాను. పేరెందుకు లెండి. అక్కడి కుర్రాడు చిన్నదాన్ని నేను తెచ్చిన వైరుతోనే తన కంప్యూటర్‌కి కలిపాడు, ఈ డిస్క్ వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి అని ఒక బాక్స్ వచ్చింది. చూస్తే బాణం అప్పుడే ఫార్మాట్ బటన్ మీద ఉంది, వేలు మౌస్ మీద ఉంది. "బాబూ ఆగు!" అని గట్టిగానే అరిచినట్టున్నాను, పక్కన ప్రింటర్ ఇంకు కొంటున్నాయన వెనక్కి తిరిగి చూశాడు. "ఫార్మాట్ కొడితే డ్రైవ్ వర్క్ అవుతుంది సార్" అన్నాడు. డ్రైవు పనిచేస్తుంది నాయనా, అందులో ఉన్నవి ఎవరిస్తారు? తర్వాత పెద్దదాన్ని కూడా చూసి, రెండూ పోయాయి, డేటా కావాలంటే హైదరాబాద్ పంపాలి అని, నా నెల పెన్షన్లో సగానికి పైగా చెప్పాడు. సంచి సర్దుకుని వచ్చేశాను.

మా మేనల్లుడు గాజువాకలో ఉంటాడు. కంప్యూటర్ల వాడేం కాదు, ఫ్యాక్టరీలో మీటర్లూ గేజీలూ చూసుకునే పని. ఫోన్లో అంతా విని, "ఏటి మావయ్యా, వేరేవేరే ఏళ్లల్లో కొన్న రెండు డ్రైవులు కూడబలుక్కుని ఒకే వారం పోతాయా? ముందు వాటికి తిండి పెట్టేవి చూడాల" అన్నాడు.

ఆదివారం వచ్చి డ్రైవుల జోలికే పోలేదు. టార్చ్ వేసి సీపీయూ ముందువైపు పోర్టుల్లోకి చూశాడు, నన్నూ చూడమన్నాడు. లోపల నాలుగు సన్నటి రేకులు మెరుస్తూ ఉండాలి, రెండింటి మీద పచ్చగా చిలుము పట్టి ఉంది. సముద్రం మాకు నడిచి వెళ్లేంత దూరమే, ఆ గాలికి గేటు గడియ తుప్పు పడుతుందని ఏటేటా రంగు వేయిస్తాను, కంప్యూటర్ లోపల కూడా అదే గాలి ఆడుతుందని ఎప్పుడూ తట్టలేదు. పైగా ముందువైపు పోర్టుల నుంచి లోపలి పెద్ద బోర్డుకి, అదే మదర్‌బోర్డుకి, ఒక సన్నటి వైరు వెళుతుందట, వెనకవైపువి నేరుగా బోర్డు మీదే ఉంటాయట. పాత యూఎస్‌బీ 2.0 పోర్టు లెక్క ప్రకారం ఇవ్వాల్సింది 500 మిల్లీయాంపులు, 3.0 అయితే 900. చిన్న డ్రైవులో ఫైళ్లు దాచుకునే గుండ్రటి పళ్లెం తిరగడం మొదలయ్యే ఆ ఒకటి రెండు క్షణాల్లో కరెంటు ఎక్కువ లాగుతుంది. అది అందక ఆగిపోతుంది, మళ్లీ లేవబోతుంది, మళ్లీ ఆగుతుంది. లో వోల్టేజికి బోరు మోటారు మూలుగుతుంది చూడండి, అలాగన్న మాట.

సరే అని వెనక పోర్టుకి పెట్టాం. టిక్ టిక్ ఆగింది గానీ మళ్లీ అదే బాక్స్, ఫార్మాట్ చేయనా అని. నా గుండె జారిపోయింది. వాడు తాపీగా క్యాన్సిల్ కొట్టి, జేబులోంచి జానెడు పొడవు వైరు తీసి, నా వైరు స్థానంలో అది పెట్టాడు. ఫోల్డర్లన్నీ వరసగా వచ్చి కూర్చున్నాయి! నా వైరు డ్రైవులోకి దిగే పిన్ను, ఆ వెడల్పాటిది, వేలితో ముడితే ఊగుతోంది. అంటే షాపులో కూడా దోషం ఆ వైరుదే. మధ్యలో సమాచారం చెడిపోయి వస్తే విండోస్‌కి డ్రైవు చదవడం రాదు, తనకి చదవడం రానిదల్లా దానికి ఖాళీ డ్రైవు కిందే లెక్క, అందుకే ఫార్మాట్ అంటుంది. ఆ కుర్రాడు వైరు ఒక్కటి మార్చి చూసి ఉంటే ఐదు నిమిషాల పని.

పెద్దదాని అడాప్టర్‌కి మీటరు పెడితే 12 వోల్టులు చూపించింది, బాగానే ఉందే అన్నాను. "ఉట్టిదే ఉంటే బాగానే ఉంటది మావయ్యా, బరువెత్తమను" అని డ్రైవుకి కలిపి చూస్తే 8కి పడిపోయింది. ఏళ్లు గడిచేకొద్దీ లోపల కరెంటుని నిలకడగా ఉంచే కెపాసిటర్లు ఎండిపోతాయట. లైటు వెలగడానికి ఏపాటి కరెంటు కావాలి, పళ్లెం తిప్పడానికే కదా శక్తంతా. రౌటర్ అడాప్టర్ కూడా 12 వోల్టులే కదా పెట్టేద్దామన్నాను, అది 1 యాంపుదే, చాలదన్నాడు. వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, యాంపులు అంతకు తగ్గకూడదు, ప్లస్ మైనస్ గుర్తు కలవాలి, ఇవన్నీ అడాప్టర్ మీద అచ్చువేసే ఉంటాయి. పిన్ను పట్టింది కదా అని లాప్‌టాప్‌ది 19 వోల్టులది పెడితే డ్రైవు బోర్డు మాడుతుంది. 12 వోల్టులు 2 యాంపులది కొత్తది తెచ్చి పెట్టాం, తిరిగింది.

విండోస్‌లో ఎర్రర్ చెకింగ్ ఏదో ఉందిగా, రిపేర్ చేద్దామని నేను ఉబలాటపడితే చెయ్యి పట్టుకుని ఆపాడు. అది డ్రైవు మీద రాస్తుంది, ఉన్నదంతా బయటికి తీసే దాకా ఆ మాట ఎత్తొద్దన్నాడు. సుమారు 400 జీబీ, పాత పోర్టు కదా, కాపీ కావడానికి నాలుగు గంటలు పట్టింది, ఈలోపు పప్పుచారుతో భోజనం, ఒక కునుకు. నిజంగానే లోపల చెడితే సంగతి వేరు. మంచి వైరుతో ఇంకో కంప్యూటర్‌కి పెట్టినా అలాగే కొట్టుకుంటుంటే వెంటనే తీసేయాలి, మూత విప్పకూడదు. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే బాగవుతుందని మా పక్కింటాయన సలహా ఇచ్చారు. మన ఊరి గాలికి ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాయే నిమిషంలో చెమటలు కక్కుతుంది, ఇక డ్రైవు సంగతి చెప్పాలా. ఆయనకి ఇంకా పాత విండోస్ ఎక్స్‌పీయే ఉందండోయ్. మొన్న కొన్న 4 టీబీ డ్రైవు కనబడటం లేదు, మోసపోయాను అని గొడవ. అంత పెద్ద డ్రైవులు తమ భాగాల లెక్క రాసుకోవడానికి వాడే జీపీటీ అనే పద్ధతిని 32 బిట్ ఎక్స్‌పీ చదవలేదు, డ్రైవు తప్పేం లేదు.

అయ్యా, నేను అడిగేది పెద్ద పనేం కాదు. మీ పేపర్లో ఒక చిన్న బాక్స్ కట్టి, ముందు వైరు మార్చండి, వెనక పోర్టుకి పెట్టండి, ఇంకో కంప్యూటర్లో చూడండి, ఫార్మాట్ బాక్స్ వస్తే క్యాన్సిల్ కొట్టండి అని వేయండి. అలాగే మన ఊళ్లో రిపేరు షాపుల వాళ్లు ఫార్మాట్ కొట్టే ముందు కస్టమర్ చేత చీటీ మీద సంతకం పెట్టించుకునే అలవాటు చేసుకోవాలి. మిక్సీ బాగుచేసే వాళ్లు కూడా మోటారు మార్చే ముందు ఫోన్ చేసి అడుగుతున్నారు.

మూడో కాపీ ఒకటి చేసి తన బీరువాలో పెట్టుకోమంటే మేనల్లుడు ఒప్పుకోలేదు. హుద్‌హుద్ లాంటిది వస్తే గాజువాకని మాత్రం వదులుతుందా అన్నాడు. మా అమ్మాయి వరంగల్‌లో ఉంటుంది, పోయిన వారం ఊరగాయ జాడీతో పాటు ఆ మూడో కాపీ కూడా దానిచేత పంపించాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ గుమస్తా,
పెదవాల్తేరు, విశాఖపట్నం