మా చెల్లికి జడ అల్లిన నర్సమ్మకు

మూడో నెలలో గర్భం పోయి మా చెల్లి విజయవాడలో ఆసుపత్రిలో ఉంది. "అమ్మవారి గుడికి మెట్లెక్కాను, అందుకే ఇలా అయింది" అని ఒకటే ఏడుపు. చూడటానికి వచ్చినవాళ్లు "కాస్త జాగ్రత్తగా ఉండాల్సింది" అంటుంటే ఇంకా కుంగిపోయింది.

రాత్రి డ్యూటీ దిగి ఇంటికి బయలుదేరిన మీరు భుజాన బ్యాగుతోనే వెనక్కి వచ్చారు. మంచం మీద కూర్చుని, అట్టకట్టిన తన జుట్టు చిక్కు తీస్తూ మెల్లగా చెప్పారు.

"తొలి మూడు నెలల్లో ఇలా అయితే, దాదాపు సగం మందిలో పిండంలోని క్రోమోజోముల లోపమే కారణం తల్లీ. మెట్లెక్కితే గర్భం పోదు. ఇదే మీ అక్కకు జరిగితే తనను తిడతావా?"

చెల్లి తల అడ్డంగా ఊపింది.

"మరి నిన్నెందుకు తిట్టుకుంటున్నావు?"

జడ చివరిదాకా అల్లి, రబ్బరుబ్యాండు పెట్టి, బయట కూర్చున్న వాళ్ల అత్తగారికి కూడా అదంతా ఓపిగ్గా వివరించారు. నాకైతే అది ఇంకా పెద్ద సాయం. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ తనను ఒక్క మాట అనలేదు.

"ఆ రోజు బిడ్డ కోసమే కదక్కా మెట్లెక్కింది" అంటోంది చెల్లి ఇప్పుడు. టెన్షన్‌లో మీ పేరు కూడా అడగలేదు. మా ఇంటిల్లిపాదీ మీకు చేతులెత్తి నమస్కరిస్తున్నాం.